ఏకలవ్యుడి కథ మనం ఎలా చదవాలి? బొటనవేలు, లక్క ఇల్లు, నోరు లేని పాత్రలు



కొంచెం పెద్ద పోస్టు. తీరికగా చదవండి.

ముందు మూడు పేర్లు చూడండి. మన దేశంలో బాగా ఆడిన క్రీడాకారులకు 1961 నుంచి అర్జున అవార్డు ఇస్తున్నారు. వాళ్లకు నేర్పిన కోచ్‌లకు 1985 నుంచి ద్రోణాచార్య అవార్డు ఇస్తున్నారు. ఆదివాసీ పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1997-98లో మొదలుపెట్టిన గురుకులాలకు మాత్రం ఏకలవ్య అని పేరు పెట్టారు. ముగ్గురూ ఒకే కథలోని మనుషులు. గెలిచినవాడి పేరు ఒక పతకానికి, నేర్పినవాడి పేరు ఇంకో పతకానికి పెట్టారు. నీకు నేర్పను పొమ్మని వెనక్కి పంపినవాడి పేరేమో మన బడి గేటు మీద ఉంది. రాజస్థాన్ ఆదివాసీ విలుకాడు లింబారాం మూడు ఒలింపిక్స్‌లో దేశం తరఫున బాణం వేశాడు. 1991లో ఆయన చేతికి వచ్చిన అవార్డు పేరు ఏంటో తెలుసా? అర్జున.

ఎవరో కుట్ర చేసి ఇలా పేర్లు పెట్టారని నేను అనడం లేదు. పాత కథ ఈరోజుకీ మన మధ్య తిరుగుతోందని చెప్పడానికి ఈ మూడు పేర్లు చాలు. అందుకే దాన్ని ఎలా చదవాలో మనకు తెలిసి ఉండాలి.

పరీక్షలో "ఈ కథలోని ఇతివృత్తం ఏమిటి?" అని అడిగితే మనం "గురుభక్తి" అని రాస్తాం. మార్కులు పడతాయి. ఆ జవాబు తప్పని అనను. కానీ మహాభారతంలో ఆ ఘట్టం దగ్గర ఆగి నిదానంగా చదివితే, గురుభక్తి అన్న ఒక్క మాటలో ఆ కథ పట్టదని తెలుస్తుంది. కథను, నాటకాన్ని విశ్లేషించడం అంటే పాత్ర, కథనం, సంభాషణ, ముగింపు అని క్లాసులో చెప్పే మాటలే. ఆ మాటలనే పనిముట్లుగా పట్టుకుని ఈ కథలోకి దిగుదాం.

కథ ఎవరు చెబుతున్నారు? ఎవరు వింటున్నారు?

ఏ కథకైనా ముందు వేయాల్సిన ప్రశ్న ఇదే. మహాభారతంలో కథ చెప్పేది వైశంపాయనుడు. వినేది జనమేజయ మహారాజు. ఈ జనమేజయుడు ఎవరు? అర్జునుడి కొడుకు అభిమన్యుడు, అభిమన్యుడి కొడుకు పరీక్షిత్తు, పరీక్షిత్తు కొడుకు జనమేజయుడు. అంటే అర్జునుడికి మునిమనవడు. సొంత ముత్తాత కథ వింటున్నాడు. వింటున్న చోటు కూడా గుర్తుపెట్టుకోండి. అది సర్పయాగం, నాగులను నిప్పులో వేసి కాల్చే యాగం. ఆ నాగుల రాజు తక్షకుడు ఉండిన ఖాండవ వనాన్ని అంతకుముందు తగలబెట్టిన వాళ్లలో అర్జునుడు ఒకడు. అడవి కాలిపోయిన తర్వాత, కాల్చినవాడి మునిమనవడి ఎదుట అడవివాడి కథ చెబుతున్నారన్నమాట.

మన తెలుగులోకి వచ్చేసరికి కూడా ఇదే జరిగింది. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోసం నన్నయ భారతం తెలుగు చేయడం మొదలుపెట్టాడు. పాండవులు తన వంశం వాళ్లని, అందుకే వాళ్ల కథ వినాలని ఉందని రాజు చెప్పినట్టు నన్నయ అవతారికలోనే రాశాడు. అక్కడ సంస్కృతంలో, ఇక్కడ తెలుగులో, రెండు చోట్లా ఎదురుగా కూర్చుని విన్నది అర్జునుడి వైపు వాళ్లమని చెప్పుకున్నవాళ్లే. ఏకలవ్యుడి వైపు నుంచి వినడానికి ఆ సభలో ఎవరూ లేరు.

దీన్ని కథనంలో దృష్టికోణం అంటారు. ఎవరి పక్కన నిలబడి చూస్తున్నామన్నది ముఖ్యం. ఆ ఘట్టంలో మనం పాండవుల వెంట వేటకు వెళ్తాం, వాళ్ల కుక్క వెనకాల నడిచి వెళ్లి ఏకలవ్యుడిని చూస్తాం. నల్లగా, ఒంటికి మట్టి పట్టి, జింక తోలు కప్పుకుని, జడలు కట్టిన జుట్టుతో కనిపిస్తాడు. ముందు కుక్క చూసింది, తర్వాత మనం చూశాం. సినిమా భాషలో చెప్పాలంటే కెమెరా కుక్క దగ్గర పెట్టారు.

కథలో నిజంగా ఏం జరిగింది?

ఏకలవ్యుడు అనామకుడు కాడు. నిషాదుల రాజు హిరణ్యధనువు కొడుకు. విలువిద్య నేర్చుకోవాలని ద్రోణుడి దగ్గరికి వెళ్లాడు. నిషాదుడన్న ఆలోచనతో, రాజకుమారులను దృష్టిలో పెట్టుకుని ద్రోణుడు చేర్చుకోలేదు. ఈ మాట మూలంలోనే స్పష్టంగా ఉంది, ఎవరూ దాచలేదు. ఏకలవ్యుడు ఆయన పాదాలకు మొక్కి అడవికి వచ్చి, మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకుని, దాని ముందు సాధన చేశాడు. పాండవుల కుక్క మొరిగితే దాని నోట్లోకి ఏడు బాణాలు కొట్టాడు.

ఇక్కడి నుంచి కథ మలుపు తిరుగుతుంది. ఎవరు నువ్వని అడిగితే, హిరణ్యధనువు కొడుకునని, ద్రోణుడి శిష్యుడినని చెప్పాడు. అర్జునుడు ద్రోణుడిని ఒంటరిగా కలిసి, నన్ను మించిన శిష్యుడు ఉండడని మాట ఇచ్చారు కదా, మరి ఈ నిషాదుడి కొడుకు సంగతేంటని గుర్తుచేశాడు. ద్రోణుడు కాసేపు ఆలోచించి, అర్జునుడిని వెంటబెట్టుకుని అడవికి వెళ్లాడు. శిష్యుడివైతే దక్షిణ ఇవ్వమన్నాడు. గురువుకు ఇవ్వలేనిది ఏమీ లేదని ఏకలవ్యుడు సంతోషంగా అన్నాడు. కుడిచేతి బొటనవేలు ఇవ్వమన్నాడు. ఇచ్చేశాడు. ఆ తర్వాత మిగతా వేళ్లతో బాణం వేసి చూస్తే మునుపటి వేగం రాలేదని, అర్జునుడి మనసులో మంట చల్లారిందని కథ చెబుతుంది.

గమనించండి. ఘట్టం అర్జునుడి మనసు కుదుటపడటంతో ముగుస్తోంది. ఏకలవ్యుడు భక్తి చూపించాడు, నిజమే. కానీ కథను ముందుకు నడిపింది ఆ భక్తి కాదు. ఒకరికి ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఇంకొకరి చేతిని పనికిరాకుండా చేయడం కథను నడిపింది. పాత్ర ఏం చేసిందో చూడటం ఒక పని. కథ ఎందుకు కదిలిందో చూడటం ఇంకో పని. రెండో పని చేస్తే ఇతివృత్తం మారిపోతుంది. గురుభక్తి పక్కన "చదువు ఎవరి హక్కు" అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది.

ఇంకో వ్యంగ్యం ఉంది. చదువు చెప్పనప్పుడు ఏకలవ్యుడు శిష్యుడు కాడు. ఫీజు అడిగేటప్పుడు మాత్రం శిష్యుడయ్యాడు. అడ్మిషన్ ఇవ్వని కాలేజీ ఫీజు కట్టమన్నట్టు! ఇలాంటి వైరుధ్యాన్ని కవి విడమర్చి చెప్పడు, పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. పట్టుకోవాల్సింది చదివేవాళ్లు.

మాట, మౌనం

ఏకలవ్యుడు ఆ ఘట్టంలో ఎన్నిసార్లు మాట్లాడాడో లెక్కపెట్టండి. నేనెవరో చెప్పినప్పుడు ఒకసారి, ఏం కావాలో ఆజ్ఞ ఇవ్వండి అన్నప్పుడు ఒకసారి. వేలు తెగిన తర్వాత ఒక్క మాట లేదు. నొప్పి అన్న మాట లేదు, ఎందుకు అన్న ప్రశ్న లేదు. అతని తల్లి లేదు, ఊరు లేదు. కొడుకు తెగిన చేతితో ఇంటికి వెళ్లినప్పుడు హిరణ్యధనువు ఏమన్నాడో లేదు. రాజు కొడుక్కి ఇంత జరిగితే ఒక ప్రజ మొత్తం నోరెత్తకుండా ఉందా? కథ మనకు చెప్పదు.

కథలో మౌనం కూడా ఒక సాహిత్య అంశమే. ఎవరికి డైలాగులు ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అని చూస్తే, కథ ఎవరిదో సగం తెలిసిపోతుంది.

లక్క ఇంట్లో ఆరుగురు

నోరు లేకపోవడమే కాదు, పేరు కూడా లేనివాళ్లు అదే ఆదిపర్వంలో ఉన్నారు. వారణావతంలో లక్క ఇల్లు కథ మనందరికీ తెలుసు. దుర్యోధనుడు పాండవులను కాల్చేయాలని లక్కతో ఇల్లు కట్టించాడు, పాండవులు సొరంగంలో తప్పించుకున్నారు. అంతవరకే మనకు చెబుతారు.

ఆ రాత్రి కుంతి అన్నదానం చేసింది. తిండి కోసం ఒక నిషాద స్త్రీ తన ఐదుగురు కొడుకులతో వచ్చింది. తిన్నారు, తాగారు, మత్తులో అక్కడే పడి నిద్రపోయారు. భీముడు ఇంటికి నిప్పు పెట్టాడు. కుంతి, పాండవులు ఆరుగురూ బయటపడ్డారు. తెల్లారి ఊరివాళ్లు బూడిదలో ఆరు శవాలు చూసి, కుంతీ పాండవులు చనిపోయారని ఏడ్చారు. హస్తినాపురంలో కుంతికి, పాండవులకు కర్మకాండలు జరిగాయి.

కాలిపోయింది నిషాదులు, ఏడ్చింది పాండవుల కోసం. ఒక తల్లి, ఐదుగురు కొడుకులు. అవతల కూడా ఒక తల్లి, ఐదుగురు కొడుకులు. లెక్క సరిపోవడమే ఆ ఆరుగురి పాపం. ఆమెకు కథలో పేరు లేదు. కొడుకుల్లో ఒక్కరికీ పేరు లేదు. విధి వాళ్లను అక్కడికి తెచ్చిందన్నట్టు చెప్పి కథ ముందుకు పోతుంది. విధి అన్న మాట వచ్చిన చోటల్లా మనం ఆగి చూడాలి. చేసినవాడి పేరు తప్పించడానికి ఆ మాట బాగా పనికొస్తుంది.

అదే పుస్తకం తర్వాత ఏం ఒప్పుకుంది?

ఇక్కడ ఒక న్యాయం కూడా చెప్పాలి. మహాభారతం ఈ సంగతులు దాచలేదు. రాజసూయం ఘట్టంలో ఏ రాజు ఏం పట్టుకొచ్చాడో చెబుతున్నప్పుడు, ఒకడు విల్లు, ఒకడు కత్తి, ఏకలవ్యుడు చెప్పులు తెచ్చాడని ఉంది. వేలు పోయిన విలుకాడి చేతిలో చెప్పులు! కవి ఇంకేమీ అనలేదు.

ఆ తర్వాత ద్రోణపర్వం. హిడింబ కొడుకు ఘటోత్కచుడు యుద్ధంలో చనిపోయాడు. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు సంతోషించాడు. కర్ణుడి శక్తి ఆయుధం వాడి మీద ఖర్చయిపోయింది కదా అన్నాడు. అక్కడే అర్జునుడికి ఇంకో మాట చెప్పాడు. జరాసంధుడు, శిశుపాలుడు, ఏకలవ్యుడు నీ మేలు కోసమే ఒక్కొక్కరుగా తొలగిపోయారని, ఏకలవ్యుడి వేలును ద్రోణుడు మోసంతో తీయించాడని, ఆ వేలు ఉండి ఉంటే దేవతలు కూడా అతన్ని గెలవలేకపోయేవారని.

ఆదిపర్వంలో దక్షిణ అన్న మాట ద్రోణపర్వానికి వచ్చేసరికి మోసం అయింది. అదే పుస్తకం, అదే వేలు. బయట విమర్శకులు ఎవరో కనిపెట్టిన అర్థం కాదు ఇది, లోపలి పాత్రే చెప్పింది. కాబట్టి క్లాసులో ఎవరైనా "మీరు కథకు లేనిపోని అర్థాలు తీస్తున్నారు" అంటే గొడవపడక్కర్లేదు. ద్రోణపర్వం చదవమని మర్యాదగా చెప్పండి చాలు.

ఖాళీలను పూరించినవాళ్లు

పాత కథలోని మౌనాన్ని గమనించి, అక్కడ మాట పెట్టిన రచయితలు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చారు. తెలుగులో త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో "శంబుక వధ" నాటకం రాశాడు. అది రామాయణంలో తపస్సు చేసినందుకు చంపబడ్డ శంబుకుడి కథ. శంబుకుడు మన అడవివాడు కాకపోయినా, ఓడిపోయినవాడి వైపు నుంచి పురాణాన్ని రంగం మీద పెట్టొచ్చని ఆ నాటకం చూపించింది.

కన్నడంలో కువెంపు 1947లో ఏకలవ్యుడి మీద "బెరళ్‌గె కొరళ్" అనే నాటకం రాశాడు. వేలికి బదులు గొంతు అని ఆ పేరుకు అర్థం. మూలంలో కనిపించని ఏకలవ్యుడి తల్లి ఇక్కడ రంగం మీదికి వచ్చింది. కొడుకు వేలికి బదులుగా గురువు గొంతు అన్న ఆ తల్లి శాపం, యుద్ధంలో ద్రోణుడి తల తెగడంతో ముడిపడుతుంది. ఒక్క తల్లి పాత్ర వచ్చేసరికి దక్షిణ కాస్తా అప్పు అయిపోయింది, తీర్చాల్సిన అప్పు. నాటకానికి ఉన్న బలం ఇది. కథలో అయితే చెప్పేవాడు ఒక మనిషిని వదిలేసి పక్క పేజీకి వెళ్లిపోవచ్చు. రంగం మీద వేలు తెగిన మనిషి ప్రేక్షకుల ఎదురుగానే నిలబడి ఉంటాడు. తెర పడేదాకా ఆ ముఖం చూడాల్సిందే.

లక్క ఇంటి గురించి మహాశ్వేతాదేవి బెంగాలీలో "కుంతీ ఓ నిషాదీ" అనే కథ రాసింది. బిర్సా ముండా మీద "అరణ్యేర్ అధికార్" నవల రాసి 1979లో సాహిత్య అకాడెమీ అవార్డు అందుకున్న రచయిత్రి ఆమె. ఈ కథలో కుంతి ముసలిదై, ధృతరాష్ట్రుడు, గాంధారితో అడవిలో ఉంటుంది. కర్ణుడి విషయంలో చేసిన తప్పును తలుచుకుని తనలో తాను ఒప్పుకుంటూ ఉంటుంది. చుట్టూ తిరిగే నిషాద ఆడవాళ్లకు తన భాష రాదనుకుంటుంది. కానీ ఒకామెకు వచ్చు. ఆమె లక్క ఇంట్లో కాలిపోయిన కొడుకుల్లో ఒకరి భార్య. నువ్వు ఒప్పుకోని తప్పు, నీకు గుర్తు కూడా లేని తప్పు ఇంకొకటి ఉందని నిలదీస్తుంది. ఇంతలో అడవికి నిప్పు అంటుకుంటోంది. నిప్పు వాసన ముందే పసిగట్టే నిషాదులు తప్పుకుంటారు. ఆ ముగ్గురు వృద్ధులు మిగిలిపోతారు. భారతంలో కూడా వాళ్లు దావానలంలోనే చనిపోతారు. మహాశ్వేత ఆ ముగింపును మార్చలేదు. దాని పక్కన వారణావతం నిప్పును గుర్తుచేసింది, అంతే. అర్థం మొత్తం మారిపోయింది.

పాత కథను తగలబెట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. వదిలేసిన మనిషిని వెతికి, మాట ఇస్తే చాలు.

మన దగ్గర కథ ఎలా ముగుస్తుంది?

కథ చెప్పడం మనకు ఎవరో నేర్పితే వచ్చింది కాదు. ఆదిలాబాద్ గోండుల పురాణాలను పర్ధాన్లు కీక్రి వాయిస్తూ తరతరాలుగా పాడుతున్నారు. కోయల దగ్గర డోలీలు బొమ్మలున్న గుడ్డ జెండా పట్టుకుని కులకథలు చెబుతారు. అక్కడ చెప్పేవాడూ మనవాడే, వినేవాళ్లూ మనవాళ్లే. మేడారం కథే చూడండి. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యంతో పోరాడి సమ్మక్క ఓడిపోయిందని కథ అక్కడ ముగించొచ్చు. కానీ మనవాళ్లు అలా ముగించలేదు. గాయపడిన తల్లి చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోయిందని, వెతికితే కుంకుమ భరిణె దొరికిందని చెబుతారు. రెండేళ్లకోసారి ఆ భరిణెనే గద్దె మీదికి తెస్తారు. యుద్ధంలో ఎవరు గెలిచారన్నది ఆ ముగింపులో రెండో విషయం అయిపోయింది. ముగింపు ఎవరి చేతిలో ఉంటే జ్ఞాపకం వాళ్లది.

పశ్చిమాన భిల్లుల్లో కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. బాణం వేసేటప్పుడు బొటనవేలు వాడకపోవడానికి ఏకలవ్యుడే కారణమని వాళ్లు చెప్పుకుంటారు. చరిత్రగా దాన్ని రుజువు చేయడం కుదరకపోవచ్చు. కథగా చూస్తే మాత్రం అది గట్టి ముగింపు. వేలు తీసుకున్నారు, విద్య ఆగలేదు. ఇంకో సంగతి, ఈరోజు ఒలింపిక్స్‌లో విల్లు తాడును లాగేది మూడు వేళ్లతోనే. తాడు మీద బొటనవేలు ఉండదు.

ఆగస్టు 9 నాటికల గురించి ఒక మాట

ఆదివాసీ దినోత్సవానికి హాస్టళ్లలో ఏకలవ్యుడి నాటిక వేసేవాళ్లు ఈసారి నాలుగు సంగతులు ఆలోచించండి.

ఒకటి, వేషం. ఏకలవ్యుడు రాజు కొడుకు. జింక తోలు కప్పుకున్నాడని ఉంది కానీ నడుముకు ఆకులు కట్టుకున్నాడని లేదు. ఆకులు కట్టి గంతులు వేయించకండి.

రెండు, అర్జునుడు ద్రోణుడిని ఒంటరిగా కలిసి మాట్లాడే సీను తీసేయకండి. చాలా నాటికల్లో అదే ఎగిరిపోతుంది. అది లేకపోతే ద్రోణుడు ఎందుకు వచ్చాడో చూసేవాళ్లకు తెలియదు.

మూడు, వేలు తెగాక వెంటనే తెర వేయకండి. ఒక్క నిమిషం ఏకలవ్యుడిని అలాగే నిలబెట్టండి. మాట్లాడిస్తారో, ఊరికే చూడనిస్తారో మీ ఇష్టం. ఇల్లు, తల్లి, ఊరు, ఏదో ఒకటి చూపించండి.

నాలుగు, చివర్లో మైకులో నీతి చెప్పకండి. ప్రశ్న అడగండి. చదువు చెప్పనివాడికి దక్షిణ అడిగే హక్కు ఉందా? చిన్నపిల్లలే జవాబు చెబుతారు.

పరీక్షలో ఏం రాయాలని తమ్ముళ్లు అడుగుతారు. గురుభక్తి అని రాయండి. దాని కింద ఇంకో రెండు వాక్యాలు రాయండి. ఈ కథలో నిరాకరణ, అసూయ, మోసం కూడా ఉన్నాయని, ద్రోణపర్వంలో కృష్ణుడే ఆ మాట అన్నాడని. ఆధారం చూపించి రాసిన జవాబును కొట్టేయడం ఎవరికైనా కష్టం.

చివరగా ఒక పని. మీ గూడెంలో, తండాలో, గుంపులో తాతలు, అవ్వలు, పర్ధాన్లు, డోలీలు చెప్పే కథల్లో, బయట పుస్తకాల్లో ఉన్నదానికి భిన్నంగా ముగిసేవి ఉంటాయి. అవి వాళ్లు చెప్పిన మాటల్లోనే, చెప్పినవాళ్ల అనుమతితో రాసిపెట్టండి. మీ భాషలో ముందు, తెలుగులో తర్వాత. చెప్పేవాళ్లు పెద్దవాళ్లు అయిపోతున్నారు. లక్క ఇంట్లో కాలిపోయిన ఆ తల్లి పేరు ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. మన అవ్వల పేర్లు ఇంకా మనకు తెలుసు.

జోహార్.